పేరు చెప్పని వేరు

కేలాంగ్,
12 ఆగస్టు 1981.

అత్తయ్యకు, నిర్మల నమస్కారాలు.

"నువ్వు అంత దూరం పోయి చేసే ఉద్యోగం ఏమిటో అడిగినవాళ్ళకు చెప్పలేక చస్తున్నాను, కాస్త అర్థమయ్యేట్టు రాయి" అన్నారు కదా. రాస్తున్నాను. ఉత్తరాన ఈ మంచు కొండల్లో నేను చూసుకునేది హాప్స్ అనే తీగ. కాకరపాదుకు పందిరి వేసినట్టే ఇక్కడ మూడు నిలువుల ఎత్తున స్తంభాలు పాతి, తాళ్ళు కట్టి, ఈ తీగను పైకి పాకిస్తాం. ఆడ తీగలు వేరు, మగ తీగలు వేరు. పనికొచ్చే పువ్వు ఆడ తీగకే వస్తుంది. బొటనవేలంత ఉంటుంది, లేత ఆకుపచ్చగా, రేకు మీద రేకు కప్పుకుని. విప్పితే లోపల పసుపు పచ్చని పొడి. నాలుక మీద వేసుకుంటే వేపాకే నయం అనిపిస్తుంది.

ఈ పూలు ఎక్కువగా బీరు తయారుచేసేవాళ్ళకు వెళ్తాయి. ఆ ముక్క మాత్రం ఎవరికీ చెప్పకండి, వెంకటనారాయణ కూతురు సారా బట్టీలో చేరిందని సత్తుపల్లి దాకా పాకుతుంది. మందు మొక్క అని చెప్పండి, అదీ అబద్ధం కాదు. మా ఆఫీసరు దగ్గర ఒక పాత పుస్తకం ఉంది. పరాయి దేశాల్లో నిద్ర పట్టనివాళ్ళు ఈ ఎండు పూలు దిండులో కూరి పడుకునేవారట. గాభరాకు, అజీర్తికి కషాయం కాచుకునేవారట. పూలు కోసే కూలీలు మధ్యాహ్నానికల్లా తూగేవారట. ఎండబెట్టే గదిలో కూర్చుంటే నాకూ ఆవలింతలు వస్తాయి. అది పూల గుణమో, అయిదింటికే లేవడం వల్లనో చెప్పలేను.

నిరుడు ఎండబెట్టిన పూలు ఒక సంచీడు నాన్న కోసం పార్సిలు చేశాను. దిండు కుట్టి పెట్టండి. అమ్మ పోయి ఆరు నెలలు అయింది. సత్తుపల్లి ఇంట్లో నాన్న తెల్లవార్లూ వసారాలో తిరిగే చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మీరు మీ ఇంటికి తీసుకెళ్ళబట్టే నేను ఈ ఉద్యోగానికి రాగలిగాను. ఇప్పుడైనా నిద్ర పడుతోందా? నెలకు ఒకసారి ఆయన్ను భద్రాచలం పంపిస్తూ ఉండండి. షుకూర్ గారి మందుల షాపు ముందు కూర్చుని పేపరు చదవడం ఆయనకు సరదా.

ఇంకో సంగతి. శీతాకాలంలో మా కనుమ మీద మంచు పడి దారి మూసుకుపోతుంది. అప్పుడు హెలికాప్టరు వస్తేనే టపా. రాయాల్సినవన్నీ ముందే రాయండి.

మీ నిర్మల.


దుమ్ముగూడెం,
30 ఆగస్టు 1981.

నిర్మలకు అత్తయ్య దీవెనలు.

నీ సంచీ అందింది. మూతి విప్పగానే పూలి ముక్కు మూసుకుంది. పూలి అంటే మా వెనక తండాలో ఉంటుంది, అడవికి పోయి నాకు వేర్లూ ఆకులూ తెచ్చిపెడుతుంది. "ఏందమ్మా గిది, వానకు తడిసిన మేక లెక్క కొడుతుంది" అని నవ్వింది. అయినా దిండు కుట్టాను. మీ నాన్న తల పెట్టి, "ఏందక్కా, నా కూతురు నన్ను మేకల దొడ్లో పండుకోమంటుందా" అన్నాడు. అన్నాడే కానీ పక్కకు తీయలేదు. కూతురు పంపింది కదా మరి.

నిద్ర సంగతి అడిగావు. పడుతోంది. నీ పూల ప్రతాపం కాదులే, అవి రాకముందే నేను మందు మొదలుపెట్టాను. ముందు అందరూ చేసేవే చేశాను. సరస్వతాకు రసం మాడుకు పట్టించాను. గసగసాలు నూరి పాలల్లో ఇచ్చాను. జటామాంసి నానేసిన నీళ్ళు పట్టించాను. దేనికీ లొంగలేదు. గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఇక లాభం లేదని శ్రావణ పౌర్ణమి నాడు కొండమ్మ వేరు బయటికి తీశాను. దంచి, వస్త్రగాళితం పట్టి, పొద్దు గూకే వేళ పాలల్లో చిటికెడు. నాలుగో రోజుకు మీ నాన్న గురక విని నేను లేచి కూర్చున్నాను.

ఏ వేరు అని అడుగుతావు, చదువుకున్నదానివి. చెప్పను. నీకు ఊహ తెలియకముందు సంగతి, మీ మామయ్య బసవపున్నయ్యకు జ్వరం వస్తే ఒక డాక్టరు సూది వేశాడు. చీకటి పడేసరికి మనిషి లేడు. ఆ రోజు నుంచి నా గడపలోకి గోళీ కానీ సూది కానీ రానివ్వలేదు. నాకు ఏడాది పాటు కంటిమీద కునుకు లేదు. అప్పుడు కోయగూడెం కొండమ్మ ఈ వేరుతోనే నన్ను మళ్ళీ మనిషిని చేసింది. తర్వాత మందులన్నీ నేర్పింది. నేర్పేముందు చేతిలో చెయ్యి వేయించుకుంది. "పేరు బయటికి చెప్పకు పున్నమ్మా. పేరు తెలిసిన్నాడు లారీలేసుకొని వస్తరు. అడివిల ఒక్క వేరు మిగల్దు" అంది. కొండమ్మ పోయినా మాట పోలేదు. వేరు తీసుకునేవాళ్ళు పేరు అడగరు, నేను చెప్పను. వాళ్ళు ఇంకేం వాడుతున్నారో నేనూ అడగను. అడిగితే ఒకరి మీద ఒకరికి నమ్మకం లేనట్టు. మా దగ్గర అదీ మర్యాద.

కాబట్టి నువ్వు నిశ్చింతగా నీ పందిళ్ళు చూసుకో. చలికి చెవులు కప్పుకో.

పున్నమ్మ.


కేలాంగ్,
20 సెప్టెంబరు 1981.

అత్తయ్యకు నమస్కారాలతో నిర్మల.

కోతలు మొదలయ్యాయి. తీగలను తాళ్ళతో సహా కిందికి లాగి, ఆడవాళ్ళందరం చుట్టూ కూర్చుని పూలు తుంచుతున్నాం. ఆ బంక పట్టి నా వేళ్ళు నల్లగా అయ్యాయి, అన్నం కూడా చేదుగా తగులుతోంది. ఇక్కడి ఆడవాళ్ళు నాకు వాళ్ళ పాటలు నేర్పుతున్నారు. నేను వాళ్ళకు గోంగూర గురించి చెప్పి నోరూరిస్తున్నాను.

నిన్న నాన్న ఉత్తరం వచ్చింది. రెండే వాక్యాలు. "నేను బాగానే ఉన్నాను. నా గురించి ఇక ఎవరూ ఆలోచించనక్కరలేదు." అంతే. ఆయన ఉత్తరాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. కౌలుదారు గట్టు నరికిన దగ్గర మొదలుపెట్టి, ధాన్యం రేటు మీద ప్రభుత్వాన్ని తిట్టి, నా పెళ్ళి దగ్గర ఆగుతారు. ఈ రెండు వాక్యాలు ఆయనవి కావు. అక్షరాలు కూడా వణికాయి.

అత్తయ్యా, ఆ వేరు ఏదో నాకు తెలియాలి. పేరు చెప్పకూడదంటే ఆకు ఎలా ఉంటుందో, పువ్వు ఏ రంగో రాయండి. పేరు తెలియని మందు, కొలత లేని మోతాదు. ఇది వైద్యం కాదు, నాన్న మీద ప్రయోగం. కోపం తెచ్చుకోకండి. అక్టోబరు దాటితే ఇక్కడికి ఉత్తరం ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు, అందుకే ఇంత సూటిగా అడుగుతున్నాను.

నిర్మల.


దుమ్ముగూడెం,
9 అక్టోబరు 1981.

నిర్మలకు.

ప్రయోగమా? ఈ చేతి మీదుగా రెండువందల మంది నిద్రపోయారు. పిచ్చెక్కిందని గొలుసులతో కట్టేసి తెచ్చిన మనిషి ఇప్పుడు నాగలి దున్నుతున్నాడు. వాళ్ళలో ఒక్కరూ నన్ను ఆ మాట అనలేదు. నా చేతుల్లో పెరిగిన పిల్లవి నువ్వు అన్నావు. నాకు కోపం వచ్చింది. ఎందుకు దాచాలి?

మీ నాన్న సంగతి చెబుతాను, విను. మనిషి మెతకబడిపోయాడు. మంచం మీద నుంచి లేస్తే కళ్ళు తిరిగి గోడ పట్టుకుంటాడు. మొన్న దొడ్లో పడ్డాడు, మోచెయ్యి దోక్కుపోయింది. జలుబు లేదు కానీ ఎప్పుడు చూసినా ముక్కు దిబ్బడే. ఏం పెడితే అది తిని చెయ్యి కడుక్కుంటాడు. ఊరికే కూర్చుని ఉన్నవాడల్లా కళ్ళ నీళ్ళు పెట్టుకుంటాడు. ఎందుకురా అంటే, "ఏం లేదక్కా, నేనుండి ఎవరికి లాభం" అంటాడు. భార్య పోయింది, ఉన్న ఒక్క కూతురూ మంచు కొండల్లోకి పోయి కూర్చుంది. మనిషికి దిగులు కాక ఏముంటుంది? నువ్వు వెళ్ళేదాకా తిరిగేవాడు, మాట్లాడేవాడు. నువ్వు వెళ్ళాకే ఇలా అయ్యాడు. నీకు గుచ్చుకోవాలనే రాస్తున్నాను.

నేను చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. మీ మామయ్యను ఒకరి చేతిలో పెట్టి పోగొట్టుకున్నాను. తమ్ముడిని పోగొట్టుకోను. దిగులు ముదిరింది కనుక మందూ పెంచాను, రెండు పూటలా ఇస్తున్నాను. ఆకులూ పువ్వులూ అని నన్ను పరీక్ష చేయకు.

పున్నమ్మ.


కేలాంగ్,
25 అక్టోబరు 1981.

అత్తయ్యా,

మీ ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. ఈ పొద్దున్నే మీకు టెలిగ్రాం ఇచ్చాను. దానిలో పట్టని సంగతి ఇది. దయచేసి ఆఖరిదాకా చదవండి, తర్వాత నన్ను ఏమన్నా పడతాను.

నేను మీ దగ్గర ఒకటి దాచాను. అమ్మ పోయాక ఖమ్మంలో నాన్నను డాక్టరుకు చూపించాను. బీపీ ఎక్కువగా ఉందని గోళీలు రాశాడు. మీ ఇంటికి వచ్చేటప్పుడు నాన్న నా చేతులు పట్టుకుని, "అక్కకు చెప్పకమ్మా. గోళీ పేరెత్తితే ఆమెకు బావ గుర్తొస్తడు" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. షుకూర్ గారికి డబ్బు ముందే ఇచ్చి, నెలనెలా గోళీలు నాన్నకు అందేట్టు ఏర్పాటు చేశాను. పేపరు చదవడానికి కాదు అత్తయ్యా ఆయన భద్రాచలం వెళ్ళేది.

ముక్కు దిబ్బడ, కళ్ళు తిరగడం, ఊరికే ఏడవడం. మీరు రాసిన ఈ మూడూ తీసుకుని ఇక్కడి డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. నాన్న వాడే గోళీ పేరు చెప్పాను. ఆ గోళీలో ఉండే మందు ఒక మొక్క వేరు నుంచి తీసిందేనట. ఎక్కువైతే ఇవన్నీ వస్తాయట. మనసు పూర్తిగా కుంగిపోయి మనిషి ప్రాణం మీద ఆశ వదులుకుంటాడట. ఆ మొక్కను నేను చదువుకున్నాను. మోకాలెత్తు ఉంటుంది, కణుపుకు మూడేసి ఆకులు, తెల్ల పూలకు ఎర్రటి కాడ, పండితే నల్లబడే కాయలు. సర్పగంధ. మనవైపు పాతాళగంధి అంటారు.

కొండమ్మ వేరు అదేనా? నాకు జవాబు రాయక్కరలేదు. అదే అయితే నాన్న ఒకే మందును మీ చేత్తో ఒకసారి, నా చేత్తో ఒకసారి మింగుతున్నాడు. పైగా ఇప్పుడు రెండు పూటలా. వేరు వెంటనే ఆపండి. ఆయన్ను, గోళీలను, వేరును మూడింటినీ డాక్టరు ముందు పెట్టండి. గడప దాటి దవాఖానాకు వెళ్ళడం మీకు ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా వెళ్ళాలి.

నాకు సెలవు అడిగాను. నిన్నటి నుంచి కనుమ మీద మంచు కురుస్తోంది, బస్సులు ఆపేశారు. ఈ ఉత్తరం నడిచి దాటే కూలీల చేతికి ఇస్తున్నాను.

తప్పు నాదే.

నిర్మల.


దుమ్ముగూడెం,
29 అక్టోబరు 1981.

నిర్మలకు.

నీ టెలిగ్రాం సంత రోజున వచ్చింది. నేను సంతలో ఉంటే పోస్టుమాస్టరు పోస్టాఫీసు గుమ్మంలో నిలబడి, ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాడు. "వేరు వెంటనే ఆపండి, ఉత్తరం వస్తోంది అని మీ మేనకోడలు ఇచ్చిందమ్మా." ఉప్పు కొనేవాళ్ళూ, చింతపండు అమ్మేవాళ్ళూ, నా దగ్గర మందు తీసుకున్నవాళ్ళూ అందరూ విన్నారు. "పున్నమ్మ మందును సొంత మేనకోడలే వద్దంటుందంట" అని నేను ఇల్లు చేరేలోపే నాకంటే ముందు మాట చేరింది. పాతికేళ్ళ పేరు ఒక్క కాగితంతో తీశావు.

ఉత్తరం వస్తోందన్నావు, అదీ రాలేదు. ఎందుకు ఆపాలో చెప్పకుండా ఆపమంటే ఆపడానికి నేను నీ తోటలో కూలీని కాను. ఆపను.

మీ నాన్న ఇంకా నలిగిపోయాడు. మొన్న మధ్యాహ్నం కనిపించలేదు. ఇల్లంతా వెతికాను. అంతలో పూలి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "పెద్దాయన గోదారి ఒడ్డు మీద నిలవడ్డడమ్మా. ఎండల గట్లనే చూస్కుంట నిలవడ్డడు. పిలిస్తే పలుకుతలేడు. నాకు బుగులయ్యింది" అంది. ఏం చూస్తున్నావురా అంటే, "నీళ్ళు చల్లగా ఉంటయ్ కదక్కా" అన్నాడు. ఆ పూటే మోతాదు ఇంకాస్త పెంచాను. నా తమ్ముడిని ఆ దిగులు నుంచి లాక్కొచ్చి చూపిస్తాను నీకు.

పున్నమ్మ.


దుమ్ముగూడెం,
29 నవంబరు 1981.

నిర్మలా, తల్లీ,

నీ ఉత్తరం పన్నెండు రోజుల కింద అందింది. ఇరవై మూడు రోజులు పట్టింది. ఒక మూల తడిసి, అక్షరాలు అలుక్కుపోయి ఉంది. మూడుసార్లు చదివాను. మొదట నీ మీద కోపం వచ్చింది. తర్వాత మీ నాన్న మీద వచ్చింది. ఆఖరికి తిరిగి తిరిగి నా దగ్గరే ఆగింది. నువ్వు రాసిన పేరు చదివి, ముందు ఆ కాగితం పొయ్యిలో పెట్టబోయాను. కొండమ్మ దాచమన్న పేరు నా ఇంట్లో కాగితం మీద ఉంది. అవును. అదే.

మీ నాన్న ట్రంకుపెట్టె తెరిచాను. మడిచిన పంచెల కింద పొగాకు డబ్బా, దాన్లో గోళీల అట్టలు. వాడి ముందు పెట్టి అడిగాను, "ఏంట్రా ఇవి?" చిన్నప్పుడు బెల్లం దొంగతనం చేసి దొరికినప్పుడు పెట్టిన మొహమే పెట్టాడు. "నీ ఇంట్లో ఉంటా దవాఖానా గోళీలు మింగుతున్నానని తెలిస్తే నీకు కష్టంగా ఉంటదని దాచానక్కా. నీ మందు వద్దంటే ఇంకా కష్టంగా ఉంటదని అదీ తాగినా" అన్నాడు. నన్ను నొప్పించకూడదని నా తమ్ముడు రెండువైపులా తాగాడు. నేను వాడిని ఒక్క ప్రశ్న అడగలేదు. నీ టెలిగ్రాం వచ్చాక కూడా ఇరవై రోజులు పంతానికి పోయి తాగించాను. ఈ మాట రాయడానికి పొద్దుటి నుంచి కలం పట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు మొదటి బస్సుకు భద్రాచలం పోయాం. వేరు కొంగున కట్టుకున్నాను. షుకూర్ అట్టలు చూసి, "గివి బీపీ గోళీలే అమ్మా. సార్‌కు నెలనెలా నేనే ఇస్తున్న. మీకు తెలుసనే అనుకున్న" అన్నాడు. షాపు మూసి మాతో దవాఖానాకు వచ్చాడు. మీ మామయ్య పోయాక ఆ గుమ్మం తొక్కలేదు నేను. ముందు మీ నాన్నే లోపలికి నడిచాడు, వెనక నేను.

డాక్టరమ్మ చిన్నపిల్ల, నీ ఈడు ఉంటుంది. అట్టలు చూసింది, వేరు చేతిలో తిప్పింది. "ఇదేం వేరు పెద్దమ్మా? ఎండిన ముక్క చూసి నేను చెప్పలేను. పేరు తెలియకుండా ఏ వైద్యం చేయను?" అంది. వెనక వరుసలో ముప్ఫై మంది ఉన్నారు. నా దగ్గర మందు తీసుకున్నవాళ్ళు ఉన్నారు, దుంపలూ వేర్లూ కొనుక్కుపోయే వ్యాపారి మనిషి ఒకడు కూడా ఉన్నాడు, వాడిని నేను ఎరుగుదును. మెల్లిగా చెబుదామంటే ఆ సందడిలో డాక్టరమ్మకు వినపడలేదు. "గట్టిగా చెప్పండి" అంది. మీ నాన్న నేల చూస్తూ కూర్చున్నాడు, తనకేం సంబంధం లేనట్టు. వాడి మొహం చూశాను. గట్టిగా చెప్పాను. "పాతాళగంధి."

దవాఖానా కూలిపోలేదు. డాక్టరమ్మ గబగబా ఏదో రాసుకుంది. "ఈ గోళీ కూడా దాన్నుంచి వచ్చిందే పెద్దమ్మా. మీ మందు అబద్ధం కాదు, రెండూ కలవడమే ప్రమాదం. సమయానికి వచ్చారు" అంది. వేరు ఆపించింది, పాత గోళీ ఆపించి వేరేది రాసింది. ఒళ్ళు త్వరగా తేరుకుంటుందట. మనసు తేరుకోవడానికి నెలలు పట్టవచ్చట, అసలు ఎంతవరకు తేరుకుంటాడో ఇప్పుడే చెప్పలేనంది. అప్పటిదాకా మనిషిని ఒక్క క్షణం ఒంటరిగా వదలొద్దంది.

వదలను. నేనో పూలియో ఎప్పుడూ పక్కనే ఉంటున్నాం. వేరు ఆపాక మళ్ళీ నిద్ర తగ్గింది. పొద్దున్నే అడవి అంచుదాకా నడిపించుకు వెళ్తున్నాను. పడుకునేటప్పుడు నీ మేక వాసన దిండు పెడుతున్నాను. డాక్టరమ్మకు ఆ పూలు కూడా తీసుకెళ్ళి చూపించే పెట్టాను, ఇప్పుడు నాకు బుద్ధి వచ్చింది. రెండు మూడు గంటలు పడుకుంటున్నాడు. పూల వల్లనో, నడక వల్లనో, నీకు తెలియనట్టే నాకూ తెలియదు.

గోడకున్న వేర్ల బుట్ట దించి అటక మీద పడేశాను. కొండమ్మకు ఇచ్చిన మాట తప్పాను. నా చేతి మీద నాకే నమ్మకం పోయింది. ఇక ఎవరికీ మందు ఇవ్వను.

పున్నమ్మ.


కేలాంగ్,
4 జనవరి 1982.

అత్తయ్యా,

మొన్న హెలికాప్టరు వచ్చింది. ఆరు వారాల టపా ఒకే మూటలో. మీ ఉత్తరాలు రెండూ ఒకేసారి చేతికి వచ్చాయి. తేదీలు చూసి ముందు అక్టోబరుది విప్పాను. గోదావరి ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి చదవలేకపోయాను. ఉత్తరం రాసిన రెండు నెలలకు చదువుతున్నాను, ఈ రెండు నెలల్లో ఏమైందో రెండో కవరులో ఉంది, దాన్ని తెరవడానికి భయం. మా ఆఫీసరు గారి భార్య పక్కన కూర్చుని తనే చించి నా చేతిలో పెట్టింది. చదివి గట్టిగా ఏడ్చాను. ఇంత చలిలో కన్నీళ్ళు చెంప మీదే గట్టిపడతాయని అప్పుడే తెలిసింది.

మిమ్మల్ని బజారులో నిలబెట్టినందుకు క్షమించండి. టెలిగ్రాం ఇంగ్లీషులో ఉంటుంది కదా, పోస్టుమాస్టరు గారొక్కరే చదువుతారనుకున్నాను. సంత రోజు గురించి ఆలోచించలేదు. కానీ ఇవ్వడం తప్పని మాత్రం అనను. మళ్ళీ అలాంటి అవసరం వస్తే మళ్ళీ ఇస్తాను.

మందు ఇవ్వను అన్నారు. నేను ఒప్పుకోను. మీరు బుట్ట అటకెక్కిస్తే ఆ ఊళ్ళో నిద్ర లేనివాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్తారు? బస్సెక్కి భద్రాచలం వెళ్ళేవాళ్ళు ఎంతమంది? తప్పు వేరుది కాదు, మీ చేతిదీ కాదు. మీరూ నేనూ నాన్నా ముగ్గురం ఒకరినొకరు నొప్పించకూడదని నోళ్ళు మూసుకున్నాం. ఆ మర్యాద వద్దు మనకు. ఇకనుంచి ఎవరు వచ్చినా ముందు అడగండి, ఇంకేం మింగుతున్నావు అని. గోళీలు ఉంటే డాక్టరమ్మ దగ్గరికి పంపండి. లేనివాళ్ళకు సరస్వతాకు, జటామాంసి, గసగసాలు లాంటి నెమ్మది మందులే ఇవ్వండి. ఆ వేరు మాత్రం ఆమెను అడగకుండా ముట్టుకోవద్దు.

జూన్‌లో దారి తెరుస్తారు. మొదటి బస్సులో నేనుంటాను, నెల రోజులు సెలవు రాయించుకున్నాను. నాన్న ఎలా ఉన్నాడో ఒక్కటే ఒక్క వాక్యం అయినా సరే, వెంటనే రాయండి. ఆయన మళ్ళీ మన మనిషి అవుతాడా?

మీ నిర్మల.


దుమ్ముగూడెం,
21 ఫిబ్రవరి 1982.

నిర్మలకు, నీ మొండి అత్తయ్య దీవెనలు.

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులయింది. ఒక్క వాక్యం రాయమన్నావు. ఆ ఒక్క వాక్యం నా దగ్గర లేక ఆగాను. లేస్తే కళ్ళు తిరగడం పోయింది, ముక్కు దిబ్బడ పోయింది. కానీ మాట లేదు. కూర్చోమంటే కూర్చునేవాడు, నడవమంటే నడిచేవాడు. బీపీకని డాక్టరమ్మ సంక్రాంతి ముందు ఉప్పు బాగా తగ్గించమంది. ఉప్పు లేని కూర పెడితే అదీ తినేవాడు. రుచి అడిగితే "బాగుందక్కా" అనేవాడు. నాకు ఏడుపు వచ్చేది. ఇలాగే ఉండిపోతాడేమో, ఉత్తరంలో నీకు ఏమని రాయను అనుకునేదాన్ని.

బుట్ట సంగతి ముందు చెప్పి తర్వాత అసలు సంగతికి వస్తాను. కిందికి దించాను. నువ్వు చెప్పావని కాదు, మా తండా ద్వాలికి బిడ్డ పోయి నిద్ర లేదంటే ఊరుకోలేక దించాను. ముందు అడిగాను, ఇంకేం వాడుతున్నావే అని. అది బిత్తరపోయింది. "ఏం లేదమ్మా" అన్నాక జటామాంసి ఇచ్చాను. అడిగినందుకు ఇద్దరు ముగ్గురు మొహం ముడుచుకుని వెళ్ళిపోయారు కూడా. పోనీ. కొండమ్మ భయపడిన లారీ కూడా వచ్చింది. దవాఖానాలో పేరు విన్న వ్యాపారి మనిషే, గోతాలు వేసుకుని. తుల్సీరాంను, అదే పూలి మొగుణ్ణి, చోటు చూపించమన్నాడు. తుల్సీరాం వాణ్ణి నా దగ్గరికి తీసుకొచ్చాడు. పేరు చెప్పాను కానీ చోటు చెప్పను, చావనైనా చస్తాను అన్నాను. తండా అంతా వచ్చి నిలబడేసరికి గోతాలు ఖాళీగా తిరిగి పోయాయి. మళ్ళీ వస్తారు. మళ్ళీ నిలబడతాం.

ఇక నిన్నటి సంగతి. బీరకాయ కూర, మామూలుగానే ఉప్పు లేకుండా. మీ నాన్న రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద కలిపి ఆగాడు. కంచం వంక చూశాడు, నా వంక చూశాడు. కంచం ఒక్క తోపు తోశాడు.

"ఏందక్కా ఇది? కూరా, కడుగునీళ్ళా? నెలన్నర నుంచి చూస్తన్నా. మనుషులు తినేదేనా?"

ఆపితే కదా. "ఆ డాక్టరమ్మను వచ్చి ఒక్క పూట తినమను. మా నిర్మలను రానీ, నీ వంట సంగతి చెప్తా" అని గోడ అదిరేట్టు అరిచాడు. నేను దొడ్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. పూలి పరుగెత్తుకొచ్చింది. "ఏమైందమ్మా? పెద్దాయన తిట్టిండా?"

"అవ్, తిట్టిండు" అన్నాను, దాని యాసలోనే. అదీ నాతో పాటు కూర్చుని ఏడ్చింది.

తర్వాత మొహం కడుక్కుని లోపలికి వచ్చి నేనూ తిట్టాను. ఉప్పు డబ్బా నా చేతిలో, కంచం వాడి చేతిలో. అన్నం చల్లారి గడ్డకట్టేదాకా ఇద్దరం పోట్లాడుకున్నాం. చిటికెడు ఉప్పు కూడా వెయ్యలేదు నేను.

పున్నమ్మ.